విశ్వాసమును, శాసనమును



గత విద్యాసంవత్సరమున మన పాఠశాలలో జరిగిన తల్లిదండ్రుల సమావేశమందు ఒక చిన్న వివాదము పుట్టినది. ప్రాతఃకాల ప్రార్థనలో తమ మతమునకు సంబంధించిన స్తోత్రమునే పాడింపవలెనని ఒక తండ్రి కోరెను. పిల్లలలో అధికసంఖ్యాకులు ఆ మతమువారే కావున ఇందు తప్పేమియు లేదని ఆయన వాదము. అంతట వెనుకవరుసనుండి ఒక తల్లి లేచి, "అయ్యా, మా బిడ్డ ఆ వేళ నోరు మూసికొని నిలుచుండవలెనా? లేక మనసులో లేని మాట పలుకవలెనా?" అని అడిగెను. ఉదయమునుండి బీడీలు చుట్టి, వాటిని అప్పగించి, తిన్నగా సభకు వచ్చిన తల్లి ఆమె. ఎవ్వరును జవాబు చెప్పలేదు. కాలాతీతమైనదని సభ ముగిసినది. మేమును మౌనముగానే ఇంటికి పోతిమి. ఆ మౌనము మమ్ము చాల దినములు బాధించినది.

కొలది దినములకు తొమ్మిదవ తరగతి బాలుడొకడు, "పంతులుగారూ, తన మతమునందు గట్టి నమ్మకము గలవాడు ఇతర మతములవారికి న్యాయము చేయగలడా? న్యాయము చేయవలెనన్న నమ్మకమును కొంత సడలించుకొనవలదా?" అని మమ్మడిగెను. ఆ తల్లి ప్రశ్నయు, ఈ బాలుని ప్రశ్నయు ఒక్కటియే. ఈ ప్రశ్నకు మా అభిప్రాయమును ఒక మనుష్యుని జీవితము మూలముగా చెప్పదలచితిమి. ఆయన మన దేశమువాడు కాడు. మేమాయన మతమువారము కాము. అయినను ఆయన కుటుంబమునకును మనము నివసించు ఈ మహారాష్ట్రమునకును కొంత సంబంధము కలదు.

షోలాపురమునుండి ముంబయికి పోవు రైలులో కూర్చున్న మనవారు లోణావళా దాటుదురు. ముంబయి చేరబోవునపుడు విక్రోలీ దాటుదురు. ఆ విక్రోలీలో 1966వ సంవత్సరమున 68 ఏండ్ల అమెరికా స్త్రీ ఒకతె శాంతిదళమున చేరి వచ్చి, పేదలకు నర్సుగా సేవచేసినది. ఆమె పేరు లిలియన్ కార్టరు. ఆమె కుమారుడు జిమ్మీ కార్టరు 1977 మొదలు 1981 వరకు అమెరికా అధ్యక్షుడుగా నుండెను. ఆయనయే 2006లో, తనకు 82 ఏండ్లు నిండిన తరువాత, లోణావళా సమీపమునకు వచ్చి, బీదలకై కట్టుచున్న నూరు ఇండ్ల పనిలో స్వయముగా సుత్తి పట్టెను. 1924 అక్టోబరు 1న పుట్టి, 2024 డిసెంబరు 29న, నూరేండ్లు నిండిన పిమ్మట, కాలధర్మము చెందెను.

కార్టరు సువార్తిక క్రైస్తవుడు. ఈ మాటకు అర్థము చెప్పుట అవసరము. క్రైస్తవులలో సువార్తికులనబడువారు నాలుగు సంగతులను ముఖ్యముగా నెంచుదురు. బైబిలు తమ జీవితమునకు ప్రమాణమనుట మొదటిది. యేసుక్రీస్తు సిలువమరణమువలననే రక్షణ కలుగుననుట రెండవది. ప్రతి మనుష్యుడును తన హృదయమున మార్పుపొంది నూతనజన్మ మెత్తవలెననుట మూడవది. ఆ విశ్వాసమును మాటచేతను చేతచేతను ఇతరులకు తెలుపవలెననుట నాలుగవది. కార్టరు ఈ నాలుగింటిని నమ్మెను; దాచుకొనలేదు. 1976 ఎన్నికలలో తాను తిరిగి జన్మించినవాడనని బహిరంగముగా చెప్పగా, పట్టణములలోని విద్యావంతులు కొందరు ఆశ్చర్యపడిరి. 1966లో గవర్నరు పదవికి పోటీచేసి ఓడి మనోవ్యాకులతలో నున్నప్పుడు ఆయన విశ్వాసము క్రొత్తబలము పొందినది. ఆ పిమ్మట పెన్సిల్వేనియాలోను, మసాచుసెట్సులోను ఇల్లిల్లు తిరిగి సువార్త చెప్పెను. అధ్యక్షుడైన తరువాతను వాషింగ్టనులోని ఒక దేవాలయమున ఆదివారపు బడిలో పాఠములు చెప్పెను. పదవి దిగి స్వగ్రామమగు ప్లెయిన్సు చేరి, 95 ఏండ్ల ప్రాయము వరకు ఆ పని మానలేదు. కావున ఆయన నమ్మకము సడలినదని ఎవ్వరును అనజాలరు.

ఇట్టి గట్టి నమ్మకము ఆయనచేత ఏమి చేయించినది?

మొదట తన ఊరిలో చేయించిన పని చూడుడు. 1950వ దశకమున అమెరికా దేశపు దక్షిణ రాష్ట్రములలో తెల్లవారును నల్లవారును ఒక్క బడిలో చదువరాదని పట్టుబట్టిన తెల్లవారు ఊరూర సంఘములు పెట్టిరి. ప్లెయిన్సులో వేరుసెనగ వ్యాపారము చేయుచున్న కార్టరును చేరుమనిరి. ఆయన ఒల్లననెను. అటులైన నీ చందా మేమే కట్టెదమని స్నేహితులు బతిమాలిరి. అప్పటికిని ఒల్లననెను. కొందరు ఆయన కొట్టునకు పోవుట మానిరి. 1965లో ఆ ఊరి బాప్టిస్టు దేవాలయమున నల్లవారిని ఆరాధనకు రానీయరాదను తీర్మానము వచ్చినది. కార్టరు లేచి దానికి విరోధముగా మాటలాడెను. ఓట్లు లెక్కింపగా తీర్మానమునకు అనుకూలముగా 54, ప్రతికూలముగా 6. ఆ ఆరుగురిలో ఎక్కువమంది కార్టరు కుటుంబమువారే. విద్యార్థులారా, ఇచ్చట ఒక సంగతి గమనింపుడు. ఆయన విశ్వాసము మొదట ఇతర మతస్థులపై దండెత్తలేదు. తన దేవాలయములో, తన ఇరుగుపొరుగువారి ఎదుట, తన వ్యాపారమునకు నష్టము తెచ్చు విషయమున నోరు తెఱచినది. విశ్వాసము నిజమైనదో కాదో తెలిసికొనుటకు ఇంతకంటె మంచి గీటురాయి మాకు కనబడదు. దాని ఖర్చు ఎవరు భరించుచున్నారు? మనమా, పొరుగువాడా? ఇదియే ఆ గీటురాయి.

ఇక అధికారము చేతికి వచ్చినపుడు ఆయన ఏమి చేసెను? ఇది మరింత కఠినమైన పరీక్ష. 1973లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము గర్భస్రావము చేయించుకొను హక్కు స్త్రీకి కలదని తీర్పు చెప్పినది. 2022లో ఆ న్యాయస్థానమే ఆ తీర్పును త్రోసివేసినది. కార్టరు అధ్యక్షుడుగా నున్న కాలమున ఆ తీర్పే చట్టము. గర్భస్రావము తప్పని ఆయన వ్యక్తిగత విశ్వాసము. క్రీస్తు దానిని మెచ్చునని తాను తలపజాలననెడివాడు. ప్రభుత్వధనమును దానికి వెచ్చించుటకు ఆయన సమ్మతింపలేదు. కాని దేశచట్టమును కాపాడెదనని ప్రమాణము చేసినవాడను కావున ఆ తీర్పును పాటింతుననియు, దానిని రద్దుచేయుటకు రాజ్యాంగమును సవరింపననియు చెప్పెను. పేదతల్లులకును పసిబిడ్డలకును పోషకాహారము సమకూర్చి, దత్తతను సులభముచేసి, ఆ అవసరమునే తగ్గింపవలెనని ఆయన మతము. ఈ విషయమున ఇరుపక్షములవారును ఆయనను తప్పుపట్టిరి. ఎవరి పక్షము సరియైనదో తీర్పు చెప్పుట మా ఉద్దేశము కాదు. తాను నమ్మినదంతయు చట్టముగా చేయుటకు పదవి సాధనము కాదని ఆయన తలచెననుటయే ఇచ్చట ముఖ్యము.

ఈ తలంపు ఆయనకు విశ్వాసలోపమువలన రాలేదు. ఆయన చేరిన బాప్టిస్టు శాఖ చరిత్రనుండియే వచ్చినది. 1612లో ఇంగ్లాండున థామస్ హెల్విస్ అను బాప్టిస్టు బోధకుడు మనుష్యుని మనస్సాక్షిపై రాజునకు అధికారము లేదనియు, ఇతర మతములవారికిని ఈ స్వేచ్ఛ ఉండవలెననియు వ్రాసి చెరసాల పాలయ్యెను. ఇట్టి వాదము చేసిన రోజర్ విలియమ్సును మసాచుసెట్సువారు వెడలగొట్టగా, 1636లో ఆయన ప్రావిడెన్సు అను ఊరు స్థాపించి అన్ని మతములవారికిని ఆశ్రయ మొసగెను. కనెక్టికట్టు రాష్ట్రమున అల్పసంఖ్యాకులుగా నున్న బాప్టిస్టులు తమ బాధ తెలుపుకొనగా, 1802 జనవరి 1న అధ్యక్షుడు జెఫర్సను మతమునకును ప్రభుత్వమునకును నడుమ గోడ యుండవలెనని వారికి లేఖ వ్రాసెను. చూచితిరా! ఆ గోడను కోరినవారిలో నాస్తికులకంటె ముందు గట్టి విశ్వాసము గల అల్పసంఖ్యాకులు కలరు. రాజు చేయి తమ ప్రార్థనపై పడినప్పుడు ఎట్లుండునో వారు అనుభవించియున్నారు.

మన తెలుగుదేశమునందును బాప్టిస్టుల చరిత్రలో దీనికి సమీపమైన ఉదాహరణ మొకటి కలదు. 1876–78 నాటి మహాకరవులో ఒంగోలు మిషనునకు చెందిన జాన్ క్లౌ దొర బకింగుహాము కాలువలో కొంత భాగము త్రవ్వించు పనిని గుత్తకు తీసికొని, ఆకలితో మాడుచున్నవారికి కూలి కల్పించెను. అప్పుడు వేలకొలది జనులు మతములో చేర్చుకొమ్మని వచ్చిరి. కరవు సహాయము సాగినంతకాలము ఆయన బాప్తిస్మములు నిలిపివేసెను. అన్నముకొరకు వచ్చినవాడెవడో, నమ్మి వచ్చినవాడెవడో తేలవలెనని ఆయన తలంపు. పనులు ముగిసిన తరువాత 1878 జూలై 3న ఒక్కదినముననే 2222 మంది బాప్తిస్మము పొందిరి. మతాంతరీకరణముపై మీ అభిప్రాయము ఏదైనను కావచ్చును. ఆకలిచేత వంగిన తలను విశ్వాసముగా లెక్కింపరాదను న్యాయము మాత్రము అందరును అంగీకరింపదగినది. సంఖ్యాబలముచేత వంగిన తలకును ఇదే న్యాయము వర్తించును.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. "నమ్మినదానిని అమలుపరచనివాడు నమ్మినట్లెట్లగును? ఇది పిరికితనము కాదా?" అని. ఈ ఆక్షేపణకు బలము లేదనజాలము. నల్లవారికి న్యాయము చేయు విషయమున కార్టరు చట్టమును ఉపయోగించెను గదా! అక్కడ వాడదగిన చట్టము ఇక్కడ ఏల వాడరాదు? మాకు తోచిన సమాధాన మిది. ఒకని దెబ్బనుండి మఱియొకని కాపాడుటకు చట్టము అవసరము. ఒకని హృదయమున భక్తి పుట్టించుటకు చట్టము పనికిరాదు. గర్భస్రావము ఈ రెండింటిలో దేనిక్రిందికి వచ్చునను విషయమున సజ్జనులు సైతము భిన్నాభిప్రాయులు. కావుననే అది కఠినమైన ప్రశ్న. కాని ప్రార్థన విషయమున సందేహమునకు తావే లేదు. బలవంతపు ప్రార్థన భగవంతుని చెవికి చేరునని ఏ మతపు పెద్దయు చెప్పజాలడు.

మఱియొక ఆక్షేపణయు కలదు. కార్టరు దోషరహితుడా? కాడు. 1970లో గవర్నరు పదవికి పోటీచేయుచు వర్ణభేదవాదుల ఓట్లకొరకు ఆయన వారికి నచ్చునట్లు మసలెను. గెలిచి 1971 జనవరిలో ప్రమాణస్వీకారము చేసినదినముననే వర్ణవివక్షకు కాలము చెల్లినదని ప్రకటింపగా, ఓటు వేసినవారే మోసపోతిమనుకొనిరి. మరణశిక్షను తిరిగి ప్రవేశపెట్టిన జార్జియా చట్టముపై 1973లో సంతకము చేసెను. పిమ్మట అది తప్పని ఒప్పుకొని, మరణశిక్షను రద్దుచేయవలెనని కడదాక వాదించెను. మానవహక్కులను గుఱించి ప్రపంచమునకు బోధించుచునే, 1977 డిసెంబరు 31 రాత్రి టెహరానులో ఇరాను షాను పొగడెను. ఆ షా పాలనలో చెరసాలలు నిండియుండెను. ఆ మరునాడే ఆయన ఢిల్లీ చేరెను. ఆయనను దేవునిగా చిత్రించుట మా తలంపు కాదు. తప్పుచేసి, తప్పని చెప్పగల విశ్వాసికిని, తప్పే చేయననుకొను విశ్వాసికిని గల భేదమును మీరు గ్రహింపవలెనని మా కోరిక. మొదటివానితో పొరుగువాడు కలసి బ్రదుకగలడు.

ఆయన చేసిన మేలైన పనిని కూడ చూతము. 1978 సెప్టెంబరులో ఈజిప్టు అధ్యక్షుడు సాదాతును, ఇజ్రాయేలు ప్రధాని బెగినును క్యాంప్ డేవిడ్ అను విడిదికి పిలిచి, 13 దినములు వారితో కూర్చుండి సంధికి దారి తీసెను. ఒకరు మహమ్మదీయుడు, ఒకరు యూదుడు, ఒకరు క్రైస్తవుడు. ముగ్గురును తమతమ మతములందు భక్తి గలవారే. శాంతికొరకు ప్రార్థింపుడని ముగ్గురు పేరున ప్రకటన వెలువరించి వారు పని ఆరంభించిరి. 1979 మార్చి 26న సంధి కుదిరినది. అందువలన పాలస్తీనా సమస్య తీరలేదు. కాని ఆ రెండు రాజ్యములు మరల యుద్ధము చేయలేదు. తన భక్తికి విలువ తెలిసినవాడు పరుని భక్తికి కూడ విలువ నీయగలడనుటకు ఇదొక నిదర్శనము.

1980 ఎన్నికలలో సువార్తికులే పెక్కుమంది ఆయనను విడిచిరి. 1979లో జెర్రీ ఫాల్వెల్ మొదలగు బోధకులు స్థాపించిన సంఘము మతమును ఒక రాజకీయపక్షముతో ముడివేసినది. కార్టరు ఓడెను. ఓడినవాడు కోపముతో మూలకూర్చుండలేదు. 1982లో తన భార్య రోజలినుతో కూడి ఒక సేవాకేంద్రమును స్థాపించెను. అది 1986లో చేపట్టిన పనిని గుఱించి మీ తాతలు, అవ్వలు వినినయెడల కన్నులు చెమర్చుకొందురు. అది నారికురుపును నిర్మూలించు పని.

నారికురుపనిన నేటి పిల్లలకు తెలియదు. దిగుడుబావులలోని నీటిలో కంటికి కనబడీ కనబడని పురుగులుండును. ఆ నీరు వడకట్టక త్రాగినచో, ఏడాదికి కాలిలో మూరెడు రెండు మూరల పొడవుగల నారివంటి క్రిమి బయలుదేరును. దానిని పుల్లకు చుట్టుచు దినదినమును కొంచెము కొంచెముగా లాగవలెను. రోగి నెలలతరబడి నడువలేడు, పొలము దున్నలేడు. దీనికి మందు లేదు, టీకా లేదు. నీరు గుడ్డతో వడకట్టుటయు, పుండుతో నీటిలో దిగకుండుటయు మాత్రమే ఉపాయములు. ఆంధ్ర, మహారాష్ట్ర, కర్ణాటక, తమిళనాడులలోను ఈ వ్యాధి యుండెడిది. మన ప్రభుత్వము తన స్వంత ప్రయత్నముచేత దీనిని నిర్మూలించినది. 1996లో రాజస్థానమున కడపటి రోగి కనబడగా, 2000లో మన దేశమునకు ఈ వ్యాధి లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ ధ్రువపరచినది. ఆఫ్రికాలో ఆ పనికి కార్టరు నాయకుడయ్యెను. 1986లో ప్రపంచమున ఏటేట సుమారు 35 లక్షలమందికి సోకుచుండిన ఈ వ్యాధి, 2024లో 15 మందికి మాత్రమే సోకినది. బాగుపడినవారిలో మహమ్మదీయులు, క్రైస్తవులు, పూర్వాచారపరులు అందరును కలరు. వారికి వడకట్టు గుడ్డ ఇచ్చునపుడు ఎవ్వరును వారి మతమడుగలేదు.

2000వ సంవత్సరమున ఆయన మఱియొక కఠినమైన పని చేసెను. ఆయన చేరియున్న దక్షిణ బాప్టిస్టు మహాసభ, భార్య భర్తకు లోబడవలెననియు, స్త్రీలు సంఘకాపరులు కారాదనియు తన విశ్వాసప్రమాణములో వ్రాసికొనినది. స్త్రీపురుషులు దేవునియెదుట సమానులని నమ్మిన కార్టరు, అరువది సంవత్సరములకు మించిన అనుబంధమును తెంచుకొని ఆ మహాసభనుండి తొలగెను. కాని తన గ్రామములోని చిన్న దేవాలయమును విడువలేదు. ఆదివారపు పాఠమును మానలేదు. సంస్థను విడిచెనే గాని విశ్వాసమును విడువలేదు.

ఇక మన సంగతికి వత్తము. మేము ఉపాధ్యాయశిక్షణకై పొరుగురాష్ట్రమగు నాటి ఆంధ్రప్రదేశమునకు పోయినప్పుడు, తెలుగువారి నడుమకు పోవుచున్నాము గదా యని పొంగిపోతిమి. అచ్చట మా మాట విని సహాధ్యాయులు నవ్విరి. మా తెలుగులో మరాఠీ యాస కలదనిరి. ఇక్కడ భాషచే అల్పసంఖ్యాకులము. అక్కడ యాసచే అల్పసంఖ్యాకులమైతిమి. ఒకచోట పదుగురిలో నున్నవాడు మఱియొకచోట ఒంటరి యగునని నాడు నేర్చితిమి. నేర్చియు, ఆ సభలో ఆ తల్లి ఒంటరిగా నిలిచినప్పుడు నోరు విప్పకపోతిమి. ఇది మా తప్పు.

తల్లిదండ్రులారా, మన పాఠశాల ఏ బలముచేత నిలిచియున్నది? మన సంఖ్యచేత కాదు. భారతరాజ్యాంగములోని 30వ అధికరణము, భాషచేతగాని మతముచేతగాని అల్పసంఖ్యాకులైనవారు తమ విద్యాసంస్థలను స్థాపించి నడుపుకొనవచ్చునని హక్కొసగినది. ఆ పుటనే కొంచెము పైకి చూచినచో 28వ అధికరణము కనబడును. ప్రభుత్వపు గుర్తింపుగాని ధనసహాయముగాని పొందు పాఠశాలలో, తన సమ్మతి లేనిదే, పిల్లవాడైనచో సంరక్షకుని సమ్మతి లేనిదే, ఎవ్వరిని మతబోధకు గాని ఆరాధనకు గాని హాజరు కమ్మని నిర్బంధింపరాదని అది చెప్పుచున్నది. మన భాషను కాపాడు అధికరణమును పట్టుకొని, ఆ తల్లి బిడ్డను కాపాడు అధికరణమును విడుచుట న్యాయమా? రెండును ఒక్క గొడుగు క్రింది నీడలే.

కావున మా మనవి యిది. ప్రాతఃకాలమున అందరును కలసి సత్యమును, విద్యను, మాతృభాషను కొనియాడు ఒక తెలుగు పద్యము చదువుదుము గాక. ఆ పిమ్మట ఒక్క నిమిషము నిశ్శబ్దముగా నుందుము. ఆ నిమిషమున ప్రతి బిడ్డయు తన ఇంట నేర్చిన దైవమును తనకు వచ్చిన మాటలతో తలచుకొనవచ్చును. తలచుకొననివాడు ఊరక నిలువవచ్చును. ఇందువలన ఎవరి భక్తియు తగ్గదు. మీ మతమును మీ బిడ్డలకు గట్టిగా నేర్పుడు. ఇంట నేర్పుడు, మీ దేవాలయమున నేర్పుడు, మీ నడవడిచేత నేర్పుడు. ఆ పనిని బడిగంటకు అప్పగింపకుడు.

తొమ్మిదవ తరగతి బాలుడా! నీ ప్రశ్నకు మా జవాబు చెప్పితిమి. నమ్మకమును సడలించుకొననక్కరలేదు. దాని బరువును నీ భుజముపై పెట్టుకొనుము. పొరుగువాని భుజముపై పెట్టకుము.

ఆ తల్లికి మేమొక జవాబు బాకీపడియున్నాము. ఈ వ్యాసము ఆమె చదువునో లేదో తెలియదు. రాబోవు సమావేశమున వెనుకవరుసలో ఆమె ప్రక్కనే కూర్చుండి, ఆమె లేచినప్పుడు మేమును లేచెదము.